ట్రేసర్ గారి మౌసు

నర్సీపట్నంలో జ్ఞానానందం గారి ఇల్లెక్కడ అని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. ట్రేసర్ గారిల్లు అంటే మాత్రం రిక్షావాడు కూడా పెదబొడ్డేపల్లి వైపు బండి తిప్పేసేవాడు.

తాండవ కాలువల ఆఫీసులో ఆయన ముప్పై నాలుగేళ్లు ట్రేసరుగా పనిచేశారు. ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన నక్షా మీద పల్చటి నీలిరంగు ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనిపించే ప్రతి గీతనూ నల్ల సిరాతో దాని మీదికి ఎక్కించడం ఆ ఉద్యోగం. ఆ గుడ్డ నుంచే నకళ్లు తీస్తారు. తప్పు గీత పడితే బ్లేడుతో గీకాలి. అదే చోట రెండోసారి తప్పు పడితే గుడ్డకు చిల్లే. అందుకని గీత మొదలుపెట్టి ముగించేదాకా ఆయన ఊపిరి బిగబట్టేవారు. అన్నేళ్లలో ఆయన గుడ్డకు చిల్లు పెట్టింది నాలుగుసార్లేనని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన్నడిగితే ఐదు అనేవారు.

ఇంకో అలవాటు కూడా ఉండేదాయనకు. కంటితో చూడని కాలువను గీయబుద్ధేసేది కాదు. ట్రేసరుకు కుర్చీ వదలాల్సిన పనే లేదు. అయినా ఆదివారం చర్చి అయ్యాక సైకిలు తీసి నాతవరం దాకా తొక్కేవారు. అక్కడినుంచి కాలువ కాపలా చూసే లస్కర్ల వెంట నడిచేవారు. ఏ తూము దగ్గర గట్టు ఎటు వంగిందో, ఏ పిల్లకాలువ ఎవరి మడిలోకి దిగిందో చూసి వచ్చి, సోమవారం గీసేవారు. "చూడకుండా గీస్తే అది బొమ్మవుతుంది గానీ కాలువవదు కదా" అనేవారు భార్య కృపామణితో. మిషన్ స్కూల్లో టీచరమ్మగా చేసిన ఆవిడ, "మీ కాలువలూ మీరూను" అని సైకిలు హేండిలుకి మంచినీళ్ల సీసా కట్టిచ్చేది.

తొంభై తొమ్మిదిలో రిటైరయ్యేనాటికి కుడిచేతి బొటనవేలు మొదట్లో వాపు వచ్చింది. ముప్పై నాలుగేళ్లు పెన్ను బిగించి పట్టుకున్నందుకు కీలు అరిగిపోయిందన్నారు విశాఖలో డాక్టరు గారు. పెన్ను పట్టుకుంటే చాలు, మోచేతి దాకా సూది దిగినట్టుండేది. ఏటా క్రిస్మస్ ముందు చర్చి గోడ మీద వాక్యం రాసేది ఆయనే. ఆ ఏడాది రెండక్షరాలు రాసి నిచ్చెన దిగిపోయారు. ఆ తరువాత ఐదేళ్లపాటు పెన్ను ముట్టుకోలేదు. గీయలేనని ఎవరితోనూ అనలేదు. గీయడం గురించి మాట్లాడటమే మానేశారు.

రెండువేల నాలుగు వేసవిలో చిన్న కూతురు రాచెల్ ఇంటికి కంప్యూటరు తెచ్చింది. ఊళ్లో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుందామె. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే తయారు చేసుకోవచ్చని, ఎవరో వాడి వదిలేసిన సామాన్లు జతచేయించి తెచ్చుకుంది. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద పెట్టారు. నాలుగు రోజులు జ్ఞానానందం దూరం నుంచే చూశారు. ఐదోనాడు రాచెల్ పిలిచింది.

"నాన్నా, ఒక్కసారి వచ్చి కూర్చోండి. ఊరికే ఒక గీత గీయండి."

"నా చెయ్యి సంగతి తెలుసు కదే."

"పెన్ను కాదు నాన్నా. దీని మీద చెయ్యి పెట్టి జరపడమే."

తెల్లటి కాగితంలాంటి బొమ్మల పేజీ తెర మీద తెరిచి, ఆయన అరచేతి కింద మౌసు పెట్టింది. జ్ఞానానందం అలవాటుగా ఊపిరి బిగబట్టి చెయ్యి జరిపారు. గీత సగం దాకా తిన్నగా వెళ్లి, ఆగి, ఒక్క గంతు వేసి పక్కకు పోయింది.

"అది పాత మౌసు నాన్నా, కింద గుండు జారిపోతుంది. మీ తప్పు కాదు" అంది రాచెల్ గబగబా, తండ్రి ముఖం చూసి.

ఆయన తెర వైపు చూడటం లేదు. తన చేతిని చూసుకుంటున్నారు.

"నొప్పెట్టలేదే" అన్నారు మెల్లగా.

రాచెల్‌కు వెంటనే అర్థం కాలేదు. ఆయన మళ్లీ జరిపారు. మళ్లీ. పెన్నును పట్టుకోవాలి. దీన్ని పట్టుకోనక్కర్లేదు, అరచెయ్యి దాని మీద వాలితే చాలు. బొటనవేలు పక్కన ఊరికే పడుంది, దానికి పనే లేదు.

సాయంత్రం దాకా ఆయన బల్ల దగ్గర్నుంచి లేవలేదు. మౌసును తిరగేసి, కింద మూత తిప్పి, గుండు బయటికి తీశారు. "బాగున్నదాన్ని విప్పి కూర్చోకండి" అంటూ కృపామణి వచ్చి పక్కన నిలబడింది. లోపల సన్నటి రెండు ఇరుసులు కనిపించాయి. గుండు దొర్లినప్పుడు ఒకటి అడ్డంగా తిరుగుతుంది, ఇంకోటి నిలువుగా. అడ్డం ఇంత, నిలువు ఇంత అని రెండూ లెక్క చెబితే గీత ఎక్కడికి పోవాలో తెలిసిపోతుంది.

"చూశావా కృపా! నేను బల్లంత టీ స్క్వేరు బద్ద పెట్టుకుని చేసిన పని ఇదే. ఎవరో మహానుభావుడు దాన్ని గుప్పిట్లో పట్టేలా చేసేశాడు" అన్నారాయన. కృపామణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

అన్నిటికంటే ఆయన్ని కదిలించింది మాత్రం మర్నాడు జరిగింది. గీత తప్పు పడితే రాచెల్ రెండు మీటలు కలిపి నొక్కింది. గీత మాయమైంది. గీకిన మచ్చ లేదు, చిల్లు లేదు, ఆ గీత అసలెప్పుడూ లేనట్టే ఉంది.

"ఇంకోసారి చెయ్యి" అన్నారు.

"ఇందులో మూడుసార్లే వెనక్కి వెళ్లనిస్తుంది నాన్నా."

"మూడుసార్లే! నాకు ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇవ్వలేదే తల్లీ" అని ఆయన చాలాసేపు ఆ తెల్లటి జాగాను చూస్తూ ఉండిపోయారు.

అయితే గంతులు వేసే మౌసుతో పని జరగదు. శనివారం పొద్దున్నే, రాచెల్ క్లాసుకు వెళ్లిపోయాక, జ్ఞానానందం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంచి మౌసు ఎంచుకోవడానికి ఒక్కరే అబీద్ సెంటర్‌కు బయల్దేరారు.

శ్యాంబాబు కొట్లో ఒక పక్క జెరాక్సు మిషను, ఇంకో పక్క కంప్యూటరు సామాన్లు ఉంటాయి. శ్యాంబాబు వాళ్ల చర్చికే వస్తాడు. లేచి కుర్చీ వేశాడు.

"ఏ మౌసయినా ఒకటేనండి ట్రేసర్ గారూ. నొక్కితే టిక్కుమంటాదా నేదా, అదే సూసుకోవాలి."

"నొక్కడానికి కాదు బాబూ, గీయడానికి. మూడు పరీక్షలు పెడతాను, ఏమీ అనుకోకు. తిన్నటి గీత, చేత్తో సున్నా, ఆపినచోట ఆగడం. కొత్త పెన్ను ఇచ్చినా మేం అంతే చూసేవాళ్లం."

శ్యాంబాబు నవ్వి, కొట్లోని కంప్యూటరు ఆయన వైపు తిప్పాడు. మొదట గుండు ఉన్న కొత్త మౌసు ఇచ్చాడు. గీత బాగానే వచ్చింది గానీ, కాస్త జోరుగా తిప్పగానే సున్నా ఒకచోట నొక్కుకుపోయింది. "దీనికీ మా ఇంట్లోదాని జబ్బే. పది రోజులాగి వస్తుంది" అని పక్కన పెట్టారు. రెండోదానికి గుండు పక్కన పైకి ఉంది. మౌసు కదలదు, బొటనవేలితో గుండును తిప్పాలి. రెండు తిప్పులు తిప్పేసరికి మోచేతి దాకా సూది దిగింది. "ఇది మంచిదే. నా చేతికే పనికిరాదు" అని జాగ్రత్తగా తిరిగిచ్చేశారు.

మూడోది తెచ్చి తీగ తగిలించగానే దాని కింద ఎర్రటి వెలుగు వచ్చింది. జ్ఞానానందం తిరగేసి చూశారు.

"గుండేదీ ఇందులో?"

"నేదండి. లోపల సిన్న కెమెరా లాంటిది ఉంటాదంట. సెకనుకి వెయ్యి పైసిలుకు ఫోటోలు తీసుకుంటాదంట."

"దేన్ని తీస్తుంది?"

"కింద బల్లనండి. ముందు ఫోటోకీ తరవాత ఫోటోకీ బల్ల ఎంత జరిగిందో సూసి, సెయ్యి అంతే జరిగిందని లెక్క కట్టేస్తాదట."

జ్ఞానానందం ఆ ఎర్రటి వెలుగు కింద వేలు పెట్టి చూశారు. సెకనుకు వెయ్యిసార్లు కళ్లు తెరిచి నేలను చూసుకుంటూ నడిచే వస్తువు. తను సైకిలు దిగి గట్ల వెంట నడిచిన ఆదివారాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయాయనకు. దాన్ని కౌంటరు మీద పెట్టి మెల్లగా జరిపారు. తెర మీద బాణం గుర్తు వణికి, ఎటో ఎగిరిపోయింది.

"అయ్యో, పీసు పోయినట్టుందండీ. ఇంకోటి తెత్తాను" అన్నాడు శ్యాంబాబు.

"ఉండు." ఆయన మౌసును ఎత్తి, కింద కౌంటరు అద్దాన్ని వేలితో రుద్దారు. "దీని తప్పేం లేదు. అద్దంలో చూడ్డానికి దీనికి ఏమీ దొరకట్లేదు. ఒక తెల్లకాగితం ఇయ్యి."

జెరాక్సు కాగితం పరిచి దాని మీద పెట్టారు. బాణం గుర్తు బుద్ధిగా నిలబడింది. శ్యాంబాబు నోరు తెరిచాడు. నాలుగు నెలలుగా ఈ రకం మౌసులు అద్దం మీదే పెట్టి చూసి, పాడైనవని మూడింటిని వెనక్కి పంపించేశాడు మరి.

ఆ రకంలోనే రెండు సైజులున్నాయి. ఒకటి చిన్నది, నీలంగా మెరుస్తూ ముద్దుగా ఉంది, అందరూ దాన్నే కొంటున్నారు. ఇంకోటి పెద్దది, బూడిదరంగుది, అమ్ముడుపోక అడుగున పడి ఉంది. చిన్నదాన్ని జరపాలంటే వేళ్లు ముడవాలి. పెద్దదాని వీపు మీద అరచెయ్యి మొత్తం ఆనింది. మణికట్టు కదలకుండా మోచెయ్యితోనే జరపొచ్చు. తిన్నటి గీత వచ్చింది. సున్నా వచ్చింది. ఆపినచోట ఆగింది.

"ఇదే" అన్నారు జ్ఞానానందం. కానీ చెయ్యి తీయలేదు.

ఐదేళ్లయింది గీసి. చెయ్యి దానంతటదే కదలడం మొదలుపెట్టింది. తెర మీద ఒక మూల జలాశయం గట్టు లేచింది. దాని కింద నుంచి కుడి కాలువ బయల్దేరింది. ఒక వంపు, తరువాత తిన్నగా, మళ్లీ కొండను తప్పించుకుంటూ ఇంకో వంపు. ఒకటో తూము, రెండో తూము. ఒక్కో తూము కింద చెట్టు వేళ్లలా పిల్లకాలువలు. తప్పు పడితే వెనక్కి తీసి మళ్లీ గీస్తున్నారు. కొట్లోకి వచ్చినవాళ్లు తమ పని చెప్పడం మానేసి చుట్టూ నిలబడ్డారు. శ్యాంబాబు జెరాక్సు మిషను ఆపేశాడు. ఎవరూ గట్టిగా గాలి కూడా పీల్చుకోవడం లేదు.

"ఏటండీ ఇది... ఇది మా ఏడో తూము కాదేటి?"

అడిగింది అప్పలరాజు. నాతవరం అవతలి ఊరి రైతు, ముప్పై అయిదేళ్లుంటాయి, నీటి సంఘంలో మెంబరు. పట్టా పాసుపుస్తకం జెరాక్సుకని వచ్చినవాడు దాన్ని చంకలో మరిచిపోయాడు. "ఇది మా కళ్లం. ఇక్కడ మా బాబాయి మడి. నానక్కడే పుట్టినాను గానీ ఇలగ ఎప్పుడూ సూళ్లేదండీ. ఏ కాయితం సూడకుండా ఎలగ గీసీసినారండి బాబూ?"

జ్ఞానానందం నవ్వి ఏడో తూము కింద మూడో గీత లాగారు.

"అది నేదండి" అన్నాడు అప్పలరాజు. "ఏడో తూము కింద రొండే పిల్లకాలవలు."

"మూడు బాబూ."

"రొండేనండి. మాకు తెల్దేటి? రోజూ ఆ గట్టు మీదే తిరుగుతాం."

"మూడోదాన్ని సిరాతో ఎక్కించింది నేనే. దాని గట్టు మీద నడిచాను కూడా."

ఇద్దరికీ మర్యాద ఉంది కాబట్టి మాట పెంచుకోలేదు. జ్ఞానానందం మౌసు కొనుక్కుని, గీసిన నక్షాను ఫ్లాపీలో వేయించుకుని ఇంటికి వచ్చేశారు గానీ, ఆ రోజంతా అన్నం సయించలేదు. తను గీసిన కాలువ లేదన్నమాట ఆయన్ను పట్టుకుంది. అందరూ నోరు తెరుచుకుని చూసిన ఆ నక్షాలో ఇంకెన్ని లేని గీతలున్నాయో అనిపించింది. సోమవారం పొద్దున్న అప్పలరాజే వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు.

"మీ మాటే తొలిచేత్తందండీ. సింహాద్రమ్మ గారని ఒకామెకి చివర్న ఎకరంన్నర ఉంది. వరి భూమే గానీ నీరెక్కదు, మెట్టపంట చోళ్లు జల్లుకుంటాది. నీరెక్కని చోట వరిమడికి గట్లెందుకు కట్టేరా అని సిన్నప్పట్నుంచీ అనుకునేవోణ్ణి. ఓసారి వచ్చి సూడండి."

"అరవై మూడేళ్లకి మళ్లీ లస్కరుద్యోగమా!" అంది కృపామణి. అంటూనే గొడుగు తెచ్చి చేతికిచ్చింది.

సర్వీసు ఆటోలో నాతవరం చేరి, అక్కడినుంచి కాలువ గట్టెక్కారు. వానలింకా పడలేదు, కాలువ ఎండి ఉంది. పన్నెండు రోజులు అలా వెళ్లివచ్చారాయన. ఒక్కో తూము చూసి, తను గీసింది సరిపోయిందని ఖాయం చేసుకుని గానీ ముందుకు కదల్లేదు. రెండుచోట్ల ఆయన జ్ఞాపకం తప్పింది. ఏనాటిది ఆ సాయంత్రమే ఇంట్లో మౌసు పట్టుకుని దిద్దుకున్నారు.

ఏడో తూము దగ్గరికి వచ్చేసరికి అక్కడ మనిషెత్తు తుప్పలు. మూడో కాలువ జాడే లేదు. జ్ఞానానందం తూము గట్టు మీద నిలబడి కళ్లు మూసుకున్నారు. తరువాత రెండో కాలువ వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒక చిన్న వంపు దగ్గర ఆగి, గొడుగు కర్ర నేలకు గుచ్చారు.

"ఇక్కడ తవ్వించు."

అప్పలరాజు, అతని పాలేరు గంగులు కలిసి తుప్పలు నరికి, పారలు పట్టారు. మోకాలి లోతు దిగేసరికి పార ఠంగుమంది. చేతులతో మట్టి తోడారు. చెక్కిన నల్లరాయి, దాని మధ్య పెద్ద కుండ మూతంత రంధ్రం, పైన ఉలితో చెక్కిన అంకెలు. ఏడు, కింద గీత, మూడు.

గంగులు పార కింద పెట్టేశాడు. అప్పలరాజు చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో అతనికే తెలియదు.

"పాతిక ముప్పై ఏళ్లుగా మా కాళ్ల కిందే ఉందండీ. భూమి మింగీసిన కాలవ మీ తలకాయలో ఉండిపోయింది" అన్నాడు.

జ్ఞానానందం మాత్రం ఆ గుంట ఒడ్డున మట్టిలో చతికిలబడిపోయారు. ఆ అంకెలు ఆయన ఒకనాడు ట్రేసింగు గుడ్డ మీద సన్నటి నిబ్బుతో రాసినవే. ఎవరో వడ్డెర పనివాడు, పేరైనా తెలియని మనిషి, ఆ నకలు చూసుకుని తరువాత రాతి మీద చెక్కాడన్నమాట. తను ఏడు రాసే పద్ధతిలో చిన్న అడ్డగీత ఉంటుంది. రాతి మీద ఏడుకు కూడా ఆ అడ్డగీత ఉంది. ఆయన వేలితో దాని మీద మట్టి తుడిచారు. ముప్పై నాలుగేళ్లు తను గీసింది గుడ్డ మీదేననుకున్నారు. అన్ని గట్లు నడిచినా, తన గీత నేల మీదికి వచ్చిందని ఆ రోజు దాకా చేత్తో తాకి ఎరగరు.

ఊళ్లో ముసలివాళ్లను అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. వెనకటి గాలివానకు పైనుంచి మట్టి కొట్టుకొచ్చి ఆ కాలువ పూడిపోయింది. కింద భూములవాళ్లు కొందరు ఊరొదిలారు, కొందరు కాలం చేశారు. అడిగేవాళ్లు లేకపోయేసరికి కాలువ ఉందన్న సంగతే పోయింది. సింహాద్రమ్మకు ఆ మడి చేతికొచ్చేసరికే అక్కడ తుప్పలు మొలిచేశాయి. నీటి సంఘం వాళ్లంతా పదిరోజులు చేతులు కలిపి పూడిక తీశారు. జ్ఞానానందం కాగితం మీద తీయించిన నక్షా పట్టుకుని గట్టున నిలబడి, "ఇక్కడ ఎడమకు, ఇక్కడ కాస్త లోతు" అని చెబుతూ వచ్చారు. ఆగస్టులో నీళ్లు వదిలారు. మూడో కాలువలో నీరు మొదట నురగతో, ఎండుటాకులతో, చీమల బారును తోసుకుంటూ వచ్చింది. చివరి మడిలోకి దిగేసరికి మధ్యాహ్నమైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ గట్టు మీద కూర్చుని ఆ నీరు పరుచుకోవడాన్ని చూస్తూ ఉండిపోయారు.

వారం తిరక్కుండానే సింహాద్రమ్మ అప్పలరాజును వెంటబెట్టుకుని నర్సీపట్నం వచ్చింది. అరవై దాటిన మనిషి, ఒంటి మీద ఉతికిన నేతచీర. గుమ్మం బయటే నిలబడితే కృపామణి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆ టీవీలో మా సేనుందంట కదండీ. ఓపాలి సూద్దారని" అంది.

జ్ఞానానందం నక్షా తెరిచి, ఆమె చేతిని మౌసు మీద పెట్టించారు. కింది ఎర్ర వెలుగు చూసి ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కాలదమ్మా. ఊరికే జరుపు. అదిగో, అది ఆనకట్ట. అక్కణ్నుంచి గీత వెంట రా."

బాణం గుర్తు అటూ ఇటూ తూలుతూ కుడి కాలువలోకి దిగింది. కొండను చుట్టింది. తూములు ఒక్కొక్కటే దాటింది. మధ్యలో దారి తప్పితే ఆమె ఆగి, "ఉండండి, నానే వత్తాను" అని మళ్లీ గీత పట్టుకుంది. ఏడో తూము, మూడో కాలువ, చివరి మడి. చేరడానికి చాలాసేపు పట్టింది.

"ఇంత దూరం నుంచొత్తందా నీరు!" అంది సింహాద్రమ్మ. "అన్నూళ్లు దాటుకుని, ఇంతమంది సేలు తడుపుకుని, నా కాడికా!"

తెర మీద ఆ గోరంత గడి చుట్టూ వేలు తిప్పింది. జ్ఞానానందం తెర వైపు వంగారు.

"ఈ మడిని ఏమంటారమ్మా మీవాళ్లు?"

"అది జువ్విగొయ్యండి. దాని పక్కది తెల్లదిబ్బ. ఆ పైది మా కోడల్ది, దాన్ని పసుపుమడి అంటారు, మా అత్తగారు పసుపేసీవోరంట."

ముప్పై నాలుగేళ్లూ ఆయన మడులకు నెంబర్లే వేశారు. పేర్లుంటాయని ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. రాచెల్‌ను పిలిచి తెలుగు అక్షరాలు ఎలా వస్తాయో చూపించమన్నారు. కృపామణి టీ పెట్టడానికి లేచింది. అప్పలరాజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. సింహాద్రమ్మ ఒక్కో మడి పేరూ చెబుతుంటే, జ్ఞానానందం ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, జువ్విగొయ్యితో మొదలుపెట్టి రాయసాగారు.